మిల్లీమీటరు గారి గేజి

మా ఆయనకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది బ్యాంకు పుస్తకం మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. పంపులు తయారుచేసే కార్ఖానాలో లేతు మిషను మీద పని ఆయనది. అక్కడా, ఆదివారాలు వెళ్ళే రేసు క్లబ్బులోనూ అందరూ మిల్లీమీటరు అంటారు. ఎదురుగా ఉంటే చివర ఒక 'గారు' తగిలిస్తారు. పెళ్ళైన కొత్తలో ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండేది. తర్వాత ఒక సెలవు రోజున గోడకి అద్దం బిగించమంటే, పొద్దున తొమ్మిదింటికి టేపు పట్టుకున్న మనిషి మధ్యాహ్నం రెండింటికి మొదటి మేకు కొట్టాడు. ఆ రోజు నుంచీ నేనూ మనసులో అదే పేరుతో పిలుస్తున్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయేది విని మీరు ఆయన గురించి ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన నేనే ఇంకా రాలేకపోతున్నాను.

మా ఊరి బయట, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటుంది. నెలకి రెండు ఆదివారాలు అక్కడ డ్రాగ్ రేసులు జరుగుతాయి. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, దీపం పచ్చబడగానే ఒక్క ఉరుకు ఉరుకుతాయి, పావు మైలు దాటేసరికి ఎవరు ముందుంటే వాళ్ళు గెలిచినట్టు. మలుపుల్లేవు, చుట్లు లేవు, పద్నాలుగు పదిహేను సెకన్లలో అంతా అయిపోతుంది. ఆ కాసేపటి కోసం పైపులు బిగించేవాడు, లెక్కల టీచరు, పాల వ్యాను డ్రైవరు నెలంతా కారు కింద పడుకుంటారు. సోమవారం పనికి వెళ్ళే కారే ఆదివారం రేసుకి వస్తుంది, అందుకని దీన్ని ఇంటి బండ్ల తరగతి అంటారు. కార్ల అద్దాల మీద తెల్ల రంగు పెన్నుతో నంబర్లు వేసే పని నాది. నా ఏడు అంకె ఒకటి లాగా ఉంటుందని మా ఆయన ఇప్పటికీ సణుగుతాడు.

ఈ తరగతిలో గొడవంతా వెనక టైర్ల దగ్గరే. టైరు ఎంత వెడల్పుంటే నేలని అంత గట్టిగా పట్టుకుంటుంది, కారు అంత జోరుగా ముందుకి దూకుతుంది. అందుకని వెడల్పుకి ఒక హద్దు పెట్టారు, రెండువందల ఇరవై ఐదు మిల్లీమీటర్లు. మొదట్లో ఆ హద్దు నెలకొక రకంగా ఉండేది. కమిటీలో ఎవరైనా కొత్త టైర్లు కొంటే గురువారం రూలు మారేది, ఆదివారానికి మిగతావాళ్ళంతా గేటు బయట నిలబడేవాళ్ళు. ఓసారి పాల వ్యాను డ్రైవరు ఎన్నాళ్ళో ఎదురుచూసి తెచ్చుకున్న టైర్లు ఒక్కసారి కూడా తిరక్కముందే పనికిరాకుండా పోయాయి. అప్పుడు మా ఆయన మీటింగులో లేచి, "మధ్యలో రూలు మార్చడం అంటే జేబు కొట్టడమే" అని అరిచాడు. మీటింగుల్లో ఆయన నోరు తెరవడం అదే మొదలు.

మర్నాడు మా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని మూడు వాక్యాలు రాశాడు. ఏ రూలు మార్చినా ఏడాది ముందు చెప్పాలి. ఒకసారి మారిస్తే మూడేళ్ళు ముట్టుకోకూడదు. ముప్పై రోజులు దాటిన ఫలితాన్ని ఎవరూ తిరగదోడకూడదు. క్లబ్బు వాళ్ళు ఓట్లేసి మూడింటినీ ఒప్పుకున్నారు, రూలు పుస్తకం మొదటి పేజీలో అచ్చు వేయించారు. ఇంత పట్టుదల ఉన్న మనిషివి నువ్వే కొలువు అని టైర్లు కొలిచే పని కూడా ఆయన నెత్తిన పెట్టారు.

టేపుతో కొలిస్తే ఒకళ్ళు బిగించి పడతారు, ఇంకొకళ్ళు వదులుగా పడతారు. అందుకని ఆయన కార్ఖానాలో అనుమతి తీసుకుని, మందపాటి ఇనప పలకతో ఒక గేజి చేశాడు. గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది, రెండు కాళ్ళ మధ్య ఖాళీ సరిగ్గా రెండువందల ఇరవై ఐదు. కారుని జాకీ మీద ఎత్తి గేజిని టైరు మీద పెడితే అది కిందికి జారాలి. జారితే కారు లోపలికి, ఆగితే ఇంటికి. పదకొండేళ్ళు అలాగే నడిచింది. "ప్రభుత్వాలు మారాయి, నా బట్టల సైజు మారింది, ఈ రూలు మాత్రం మారలేదు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు మొహం వెలిగిపోయేది. కార్ఖానాలో ఎంత బాగా చేసినా అడిగే దిక్కులేదు, ఇక్కడ మాత్రం నలభై మంది ఈయన మాట కోసం చూస్తారు. అది చూసి నాకూ గర్వంగానే ఉండేది.

గేజి తుప్పు పట్టకూడదని ప్రతి ఏడూ సీజను ముందు పెరట్లో పాత చాప పరిచి రంగు వేసేవాడు. ముందు బూడిద రంగు ప్రైమరు ఒక పూత, ఆ పైన ఎర్ర ఎనామెలు రెండు పూతలు. గడ్డిలో పడినా కనబడాలని ఎరుపు. మా పెళ్ళిరోజు నాలుగుసార్లు మర్చిపోయిన మనిషి ఈ రంగు వేసే రోజుని ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఆ శ్రద్ధలో సగం నా మీద పెట్టరాదా అని దెప్పితే, "నువ్వు తుప్పు పట్టవు కదే" అన్నాడు. అదీ ఆయనగారి సరసం.

ఆయన్ని ఈ క్లబ్బుకి మొదట తీసుకెళ్ళింది వాళ్ళ అక్క భర్త. నాకు అన్నయ్య వరస. మోటార్లకి వైండింగు చుట్టే కొట్టు ఉంది ఆయనకి, నవ్వితే వీధి చివరికి వినబడుతుంది. మా ఆయనకి లేతు పని నేర్పించి ఉద్యోగంలో పెట్టించింది కూడా ఆయనే. ఆదివారాలు మేం నలుగురం ఒకే క్యారియరు లోంచి తినేవాళ్ళం. అన్నయ్య మహా పొదుపరి. అందరి టైర్లూ ఒక్క సీజనుకే అరిగిపోతే ఈయనవి నాలుగేళ్ళు వచ్చేవి. రేసుకి రాగానే బిగించేవాడు, అయిపోగానే విప్పి, పాత దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టుకునేవాడు. "నన్నెప్పుడూ ఇలా చుట్టి పడుకోబెట్టలేదు" అని మా వదిన అందరి ముందూ అనేది.

నాలుగేళ్ళ కిందట అన్నయ్య తన తరగతిలో మొదటివాడిగా వచ్చాడు. కప్పు చేతికొచ్చిందో లేదో గుసగుసలు మొదలయ్యాయి. బామ్మర్ది గేజి పట్టుకుంటే బావ గెలవక ఏం చేస్తాడు అని. ఆ మాట మా ఆయన చెవిన పడింది. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాతి సీజను మొదటి ఆదివారం, కొలతల వరసలో అన్నయ్య కారు వంతు వచ్చేసరికి చుట్టూ జనం మూగారు. అన్నయ్య హెల్మెట్ పెట్టుకుని లోపల కూర్చుని ఉన్నాడు. మా ఆయన గేజిని టైరు మీద పెట్టాడు. కొంచెం జారి ఆగిపోయింది. ఆయన లేచి, పుస్తకంలో 'వెడల్పు ఎక్కువ' అని రాశాడు.

అన్నయ్య కారు దిగి వచ్చాడు. "ఏంట్రా ఇది? ఇవి అవే టైర్లురా! పోయినేడు నువ్వే కొలిచావు, నువ్వే పంపించావు."

"గేజి కూడా అదే బావా" అన్నాడు మా ఆయన.

"అయితే మంచం కింద పడుకుని లావెక్కిందా టైరు?"

కొందరు నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "ఎనిమిదేళ్ళుగా ఈ గేజి వెంట్రుకవాసి కూడా మారలేదు. మారితే టైరే మారి ఉండాలి" అన్నాడు, అందరూ వింటుండగా.

అంటే దొంగ టైరు తెచ్చావని మొహం మీద అన్నట్టే. వెడల్పు టైరుకి రెండు సీజన్లు నిషేధం, గేటు దగ్గర రేకు బోర్డు మీద పేరు. అన్నయ్య పేరు బోర్డెక్కింది. ఆయన మళ్ళీ క్లబ్బు మొహం చూడలేదు, కారు అమ్మేశాడు. మా వదిన ఫోను ఎత్తడం మానేసింది. మా ఆయన రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తీయకపోతే తిరిగొచ్చాడు. "నేను రూలు ప్రకారమే చేశాను" అని ఎవరూ అడక్కపోయినా అంటూండేవాడు, పళ్ళు తోముకుంటూ కూడా.

అలా మూడేళ్ళు గడిచాయి. ఈ ఏడు రంగు వేసే రోజున గేజిని తెచ్చి బట్టలుతికే బండ మీద పెట్టాడు. నేను బకెట్టు ఎత్తబోతే మోచెయ్యి తగిలి అది కింద పడింది. లోపలి అంచు నుంచి రంగు పెచ్చు ఊడింది, నా గోరంత. తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన ఏమీ అనకుండా వంగి ఆ పెచ్చుని తీసి, వేలి మీద పెట్టుకుని ఎండకి పట్టాడు. పక్క నుంచి చూస్తే ఎరుపు, బూడిద, ఎరుపు, బూడిద, ఉల్లిపాయ పొరల్లా ఉన్నాయి.

"ఏడాదికి మూడు పూతలు" అన్నాడు. "పదకొండేళ్ళు. అటు కాలికీ, ఇటు కాలికీ."

లోపలికి వెళ్ళి కొలిచే పరికరం తెచ్చాడు. పెచ్చు ఊడినచోటికి ఎదురుగా రెండో కాలి మీద కూడా గోరంత రంగు గీకి, ఇనుముకీ ఇనుముకీ మధ్య కొలిచాడు. రెండువందల ఇరవై ఐదు, తల వెంట్రుకంత కూడా తేడా లేదు. రంగుకీ రంగుకీ మధ్య కొలిచాడు. రెండువందల ఇరవై ఒకటి. మళ్ళీ కొలిచాడు. నన్ను చదవమన్నాడు. నేను చదివినా అంతే వచ్చింది.

అప్పుడు నాకు ఒక్కొక్కటీ అర్థమైంది. నాలుగైదేళ్ళుగా క్లబ్బులో అందరూ టైరు కంపెనీలని తిడుతున్నారు, అంకె ఒకటి వేసి లావు టైర్లు అమ్ముతున్నారని. ఎండకి రబ్బరు ఉబ్బుతుందని లెక్కల టీచరు ఒక సిద్ధాంతం కూడా చెప్పేవాడు. ఏటేటా కొత్త టైర్లు కొనేవాళ్ళు గేజిలో పట్టేవి వెతుక్కుని కొనుక్కున్నారు. పాత టైర్లని దుప్పట్లో దాచుకున్న ఒక్క మనిషి దగ్గరే తేడా బయటపడింది. ఆ మనిషినే దొంగని చేశాం.

"నేనే మార్చాను" అన్నాడు మా ఆయన, బండ మీద కూలబడి. "ఏటా ఇంత చొప్పున, ఎవరికీ చెప్పకుండా. మార్చొద్దని అరిచింది నేనే, మార్చిందీ నేనే." నేను పక్కన కూర్చున్నాను. ఓదార్చలేదు, ఆయన చెప్పింది నిజం కాబట్టి.

మర్నాడు క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్ళాం. ఆయన పళ్ళ డాక్టరు. గదిలో వేరే కుర్చీ లేక మా ఆయన్ని రోగులు కూర్చునే కుర్చీలోనే కూర్చోమన్నాడు. వెనక్కి వాలి, మొహం మీద దీపం పడుతుండగా న్యాయం గురించి మాట్లాడటం ఎంత కష్టమో ఆ రోజు చూశాను.

సెక్రటరీ అంతా విన్నాడు. చేతులు కడుక్కుని తుడుచుకుంటూ అన్నాడు. "సీజను మూడు వారాల్లో మొదలు. నలభై రెండు మంది మీ గేజికి సరిపోయే టైర్లు కొనేశారు. ఇప్పుడు రంగు గీకేస్తే నాలుగు మిల్లీమీటర్ల జాగా వస్తుంది. ఉన్నవాడు రేపే వెడల్పు టైర్లు తెచ్చుకుంటాడు, లేనివాడు సీజనంతా వెనకబడతాడు. మధ్యలో రూలు మార్చడం అంటే ఏంటని మీరే అన్నారు?"

"జేబు కొట్టడం" అన్నాడు మా ఆయన నీరసంగా.

"మరి?"

"గీకకపోతే పుస్తకంలో ఒక అంకె, చేతిలో ఒక అంకె. అదీ మోసమే కదండీ."

"వచ్చే ఏడాది నుంచి పుస్తకంలో కూడా రెండువందల ఇరవై ఒకటి అని మార్చేద్దాం. ఏడాది ముందు నోటీసు ఇచ్చినట్టూ ఉంటుంది. కారణం భద్రత అని రాద్దాం. మీ పరువూ పోదు, వాళ్ళ టైర్లూ పోవు."

"మరి మా బావ?"

సెక్రటరీ తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టాడు. "ముప్పై రోజులు దాటిన ఫలితం కదండీ" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగా బాధపడుతూనే అన్నాడు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది, తిట్టడానికి మనిషి దొరకలేదు.

భద్రత అని రాయడానికి మా ఆయన ఒప్పుకోలేదు. అందరికీ చెప్తానన్నాడు. తర్వాతి ఆదివారం రన్‌వే పక్క షెడ్డులో మీటింగు పెట్టారు. మా ఆయన గేజినీ, అగ్గిపెట్టెలో దాచిన ఆ పెచ్చునీ చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. అందరూ ఒక్కసారే మాట్లాడారు. "అయితే పోయినేడు పనికిరావని నేను అమ్మేసినవి మంచి టైర్లేనా?" అని పాల వ్యాను డ్రైవరు లబలబలాడాడు.

గంటసేపు అరుచుకుని ఓట్లేశారు. ఈ సీజనుకి రంగు గీకొద్దని ముప్పై ఎనిమిది చేతులు లేచాయి. నేను వాళ్ళని తప్పుపట్టలేను. గేజిని నమ్మి టైర్లు కొన్నారు, ఆ నమ్మకం మా ఆయన ఇచ్చిందే. తర్వాత ఆయన బోర్డు మీద బావ పేరు చెరపమని అడిగాడు. చేతులు జోడించి మరీ అడిగాడు. లెక్కల టీచరు రూలు పుస్తకం తెరిచి మూడో వాక్యం పైకి చదివాడు. "ఒకరిది తిరగదోడితే ఇన్నేళ్ళలో వెనక్కి పంపినవాళ్ళంతా వస్తారండీ. ఇది రాసింది మీరే, మీకు చెప్పేంతవాడిని కాదు" అన్నాడు.

చివర్లో సెక్రటరీ లేచి, తన తప్పు తానే బయటపెట్టిన ఇలాంటి మనిషి మనకి ఉండటం అదృష్టం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. తలుపుకి బయట గొళ్ళెం పెట్టి, లోపలున్నవాడిని మెచ్చుకున్నట్టు అనిపించింది.

అయితే ఆ మీటింగు వల్ల ఒక మేలు జరిగింది. పాల వ్యాను డ్రైవరు రోజూ అన్నయ్య కొట్టు ముందు నుంచే వెళ్తాడు. బుధవారం మా వదిన ఫోను చేసింది, మూడేళ్ళ తర్వాత. "ఏమే, బతికే ఉన్నావా? ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి. మీ అన్నయ్యే చెప్పమన్నాడు" అంది. ఫోను పెట్టేశాక గోడకి ఆనుకుని ఏడ్చేశాను. మా ఆయన మాత్రం సంతోషపడినట్టు కనబడలేదు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వీధి మొదట్లో కారు ఆపేశాడు. ఇంజను ఆపి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. దిగరేంటని అడిగాను.

"రంగు ఒక్కటే కాదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"గేజి ఎప్పుడైనా దానంతట అదే పూర్తిగా జారడం చూశావా? రబ్బరు కదా, కొంచెం పట్టుకుంటుంది. అరచేత్తో పైన ఒక్క చరుపు చరిస్తే దిగుతుంది. అందరికీ ఒక్కటి చరుస్తాను. పుస్తకంలో లేదు గానీ మొదటి రోజు నుంచీ అలవాటు. ఒక్క చరుపుకి దిగకపోతేనే వెనక్కి పంపేది."

నేను వందలసార్లు చూశాను. నంబర్లు వేస్తుంటే వెనకాల ఆ చప్పుడు వినబడుతూనే ఉంటుంది. అదొక లెక్కని నాకెప్పుడూ తట్టలేదు.

"ఆ రోజు బావ టైరుకి చెయ్యి ఎత్తాను" అన్నాడు. "చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారు. చరిస్తే బావ కాబట్టి చరిచాడంటారు. దించేశాను. చరిస్తే దిగేది, నాకు తెలుసు. అంతకుముందు ఏడు అంతకంటే పైన ఆగినవాటిని కూడా చరిచి దించాను. రంగు ఉన్నా సరే, ఆ చరుపు పడి ఉంటే బావ లోపలికి వెళ్ళేవాడు."

"ఎవరైనా చూశారా?"

"సెక్రటరీ పక్కనే ఉన్నాడు. చూశాడు. తర్వాత నా భుజం తట్టాడు, నిష్పక్షపాతం అంటే ఇదీ అని."

మూడేళ్ళు నా పక్కన పడుకుని ఈ సంగతి కడుపులో పెట్టుకున్నాడు. కోపం వచ్చింది, జాలి వేసింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. మీటింగులో ఎందుకు చెప్పలేదని అడిగాను. "రంగు అందరికీ సంబంధించింది. ఇది బావకీ నాకూ సంబంధించింది. ముందు ఆయనకే చెప్పాలి" అన్నాడు. ఈ రోజు చెప్పేస్తానన్నాడు. చెప్పేశాక ఇక గేజి ముట్టుకోనని, ఆ పని ఇంకెవరినైనా చూసుకోమని సెక్రటరీకి చెప్పేస్తానన్నాడు. ఆ మాట అన్నాక కాస్త ఊపిరి తీసుకున్నట్టు కనిపించాడు. దిగి నడిచాం.

అన్నయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మా ఆయన చెప్పులు విప్పుతూ ఉండగానే వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు. "రంగేంట్రా! మూడేళ్ళు నన్ను చంపింది ఎర్ర రంగా!" అని నవ్వాడు. ఆ నవ్వు మళ్ళీ వీధి చివరి దాకా వినబడింది. మా వదిన నన్ను పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళబోయింది గానీ నేను వెళ్ళలేదు. మా ఆయన చెప్పేటప్పుడు అక్కడ ఉండాలనుకున్నాను.

కూర్చున్నారు. మా ఆయన గొంతు సవరించుకుని, "బావా, నీకొకటి చెప్పాలి" అన్నాడు.

"ముందు నన్ను చెప్పనివ్వరా" అన్నాడు అన్నయ్య. నవ్వు పోయింది, కళ్ళు తడిగా ఉన్నాయి. "టైరు పోతే పోయింది, కప్పు పోతే పోయింది. అవేవీ కాదు నన్ను తినేసింది. నేను హెల్మెట్ పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాను, వెనక ఏం జరిగిందో కనబడలేదు. చరుపు వినబడినట్టు లేదు. వీడు నలుగురి నోళ్ళకీ భయపడి కావాలని నన్ను వదిలేశాడా అని మూడేళ్ళు అదే ఆలోచన. మీ అక్కనడుగు, నిద్రలో కూడా గొణుక్కునేవాడిని. నేను తమ్ముడిలా చూసుకున్నవాడే అలా చేశాడంటే ఇంక నేను ఎవరిని నమ్మాలి? ఇప్పుడు రంగు అని తెలిశాక ప్రాణం లేచొచ్చిందిరా. హెల్మెట్‌లో వినబడలేదంతే. చరిచావు కదా? అందరికీ చరిచినట్టే నాకూ చరిచావు కదా?"

మా వదిన గుమ్మం దగ్గర గరిటె పట్టుకుని నిలబడింది. ఆవిడ కూడా మా ఆయన మొహమే చూస్తోంది. మా ఆయన నా వైపు చూశాడు. చెప్పెయ్యండి అని నేను కళ్ళతో అనాల్సింది. అనలేదు. ఆ చిక్కిపోయిన మొహం చూశాక నాకు ధైర్యం చాలలేదు.

"చరిచాను బావా" అన్నాడు మా ఆయన.

అన్నయ్య రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి తీసి, "నాకు తెలుసు" అన్నాడు. "నాకు తెలుసే, నేను చెప్పలా?" అన్నాడు మా వదినతో. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ పళ్ళేలు తేవడానికి వెళ్ళింది. అద్దం బిగించడానికి అయిదు గంటలు కొలతలు తీసిన మనిషి, నా ఎరుకలో అబద్ధం ఆడటం అదే మొదటిసారి.

భోజనం దగ్గర అన్నయ్య ఆగలేకపోయాడు. ఎడం చేత్తో ఫోను తీసి సెక్రటరీకి కలిపాడు, అందరికీ వినబడేలా పెట్టాడు. "డాక్టరు గారూ, నేనండీ, బోర్డు మీద మనిషిని! మా బామ్మర్ది ఇక్కడే ఉన్నాడు. పేరు చెరపకపోతే మానె, నాకేం బాధ లేదు. వీడు నాకు అన్యాయం చేయలేదు, అది చాలు. అందరికీ చరిచినట్టే నాకూ చరిచాడట. మీరూ పక్కనే ఉన్నారు కదా ఆ రోజు?"

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఉన్నానండీ" అంది సెక్రటరీ గొంతు. "చరిచారు. నా కళ్ళతో చూశాను." ఆ వెంటనే, "మిల్లీమీటరు గారు వింటున్నారా? ఏమండీ, సీజను మొదలయ్యేది వచ్చే ఆదివారమే. కొలతలు చాలా ఉన్నాయి, కాస్త పెందలాడే రండి. మీరు తప్ప ఈ పని ఎవరూ చేయలేరు" అన్నాడు.

అన్నయ్య ఫోనుని మా ఆయన నోటి దగ్గరికి జరిపాడు, గర్వంగా నవ్వుతూ.

"అలాగేనండీ" అన్నాడు మా ఆయన.